ఆరుబయట ఎండలో ల్యాప్‌టాప్ తెర

ఇంట్లో చక్కగా కనిపించే ల్యాప్‌టాప్ తెర ఆరుబయట ఎండలోకి తీసుకెళ్లగానే వెలిసిపోయినట్టు అవుతుంది. అక్షరాలు పలచబడతాయి, బొమ్మల్లో ముదురు రంగులన్నీ ఒకే బూడిద రంగులోకి మారిపోతాయి, తెర మధ్యలో చూసేవారి ముఖమే కనిపిస్తుంది. అప్పుడు తెర వెలుగు తగ్గిందేమీ ఉండదు. పగటిపూట నక్షత్రాలు ఆరిపోకపోయినా ఆకాశపు వెలుగులో కలిసిపోయినట్టే, తెర మీద పడి తిరిగివచ్చే సూర్యకాంతిలో అక్షరాలు కలిసిపోతాయి. ఎండలో చదవగలగడం తెర బ్రైట్‌నెస్ ఒక్కదానితో తేలే విషయం కాదు. తెర సొంత వెలుగు, దాని మీద పడే వెలుగు, అందులో తెర తిప్పి పంపే భాగం, చూసేవారి కన్ను ఏ వెలుతురుకు అలవాటుపడి ఉందన్నది కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఖర్చు లేకుండా మన చేతిలో ఉన్నవి తెర మీద పడే వెలుగు, తెర ముందున్న దృశ్యం. బ్రైట్‌నెస్ పెంచడం కన్నా ఈ రెండింటినీ సరిచేసుకోవడం వల్లనే ఎక్కువ ఫలితం ఉంటుంది.

వెలుగు కొలతలు

ఒక ఉపరితలం మీద పడే వెలుగును లక్సుల్లో కొలుస్తారు. రాత్రి దీపాల వెలుతురులో ఇంటి గది సుమారు 100 నుంచి 200 లక్సులు, ఆఫీసు బల్ల 300 నుంచి 500 లక్సులు ఉంటుంది. మబ్బు పట్టిన పగలు ఆరుబయట కొన్ని వేల లక్సుల నుంచి 20,000 దాకా ఉండవచ్చు. ఎండ కాసేరోజు చెట్టు నీడలో, వసారాలో సుమారు 10,000 లక్సులు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నేరుగా ఎండ పడేచోట అది 1,00,000 లక్సులు దాటుతుంది. అంటే ఆఫీసు బల్లకూ నడినెత్తి ఎండకూ 200 రెట్ల పైగా తేడా ఉంది. కన్ను ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది కాబట్టి ఇంత తేడా ఉన్నట్టు మనకు తెలియదు.

ఒక ఉపరితలం నుంచి కంటి వైపు వచ్చే వెలుగును నిట్లలో కొలుస్తారు. చదరపు మీటరుకు ఒక క్యాండెలా ఒక నిట్. తక్కువ ధర ల్యాప్‌టాపుల తెరలు 220 నుంచి 250 నిట్లు, మధ్యరకం 300 నుంచి 400 నిట్లు, ఖరీదైనవి 500 నిట్లు, ఆ పైన ఇస్తాయి. ఎండలో పని చేయడానికే తయారుచేసిన దృఢమైన ల్యాప్‌టాపులు 1,000 నిట్లు దాటుతాయి. పోలికకు ఇంకొక అంకె గుర్తుంచుకోవాలి. నేరుటెండలో పరిచిన తెల్ల కాగితం సుమారు 25,000 నిట్ల వెలుగుతో ఉంటుంది. ఏ ల్యాప్‌టాప్ తెరా దాని దరిదాపులకు రాదు.

కాంట్రాస్ట్ లెక్క

తెర మీది అక్షరం కనబడాలంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా ఉండాలి. ఆ నిష్పత్తే కాంట్రాస్ట్. 300 నిట్ల తెరకు తయారీదారు 1000:1 కాంట్రాస్ట్ అని రాస్తే, ఆ తెరలో నలుపు 0.3 నిట్లని అర్థం. ఈ కొలత చీకటి గదిలో తీసినది. బయటి వెలుగు తెర మీద పడి తిరిగివచ్చినప్పుడు అది తెలుపుకూ నలుపుకూ సమానంగా కలుస్తుంది. తెలుపు మరికాస్త తెల్లబడినా లాభం లేదు. నలుపు కూడా తెల్లబడడం వల్ల తేడా కరిగిపోతుంది.

ఒక మాట్ తెర తన మీద పడిన వెలుగులో 1 శాతాన్ని అన్ని దిక్కులకూ చెదరగొడుతుందనుకుందాం. 500 లక్సుల ఆఫీసులో ఆ తిరుగు వెలుగు 1.6 నిట్లు. అప్పుడు 300 నిట్ల తెరకు కాంట్రాస్ట్ దాదాపు 160:1 మిగులుతుంది. 10,000 లక్సుల నీడలో తిరుగు వెలుగు 32 నిట్లకు పెరిగి, కాంట్రాస్ట్ 10:1కి పడిపోతుంది. 1,00,000 లక్సుల నేరుటెండలో తిరుగు వెలుగే 318 నిట్లు. తెర ఇచ్చే తెలుపు కన్నా అదే ఎక్కువ. కాంట్రాస్ట్ 2:1 కూడా మిగలదు. వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలని అందరికీ అందుబాటు కోసం రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. 2:1 ఆ కనీసంలో సగం కూడా కాదు.

అదే ఎండలో 300 నిట్ల తెర బదులు 1,000 నిట్ల తెర పెడితే కాంట్రాస్ట్ సుమారు 4:1 అవుతుంది. పాత 300 నిట్ల తెరనే చెట్టు నీడకు జరిపితే 10:1 అవుతుంది. వెలుగును మూడు రెట్లకు పైగా పెంచి, అందుకు తగిన ధరా బ్యాటరీ ఖర్చూ భరించి ఎండలోనే కూర్చున్నవారి కన్నా, నీడకు జరిగినవారి తెర రెండింతలకు పైగా స్పష్టంగా ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పే మిగతా పద్ధతులన్నింటినీ ఈ లెక్కతో పోల్చి చూసుకోవచ్చు.

తెరలో కనిపించే ప్రతిబింబం

వెలుగు గాలిలోంచి గాజులోకి వెళ్లేటప్పుడు, సూటిగా పడినా, అందులో సుమారు 4 శాతం వెనక్కి వస్తుంది. గాజు వక్రీభవన గుణకం 1.5 కావడమే దీనికి కారణం. టచ్ స్క్రీన్ ఉన్న కొన్ని ల్యాప్‌టాపుల్లో పై గాజుకూ కింది ప్యానెల్‌కూ మధ్య గాలి పొర ఉంటుంది. అప్పుడు వెలుగుకు మూడు ఉపరితలాలు అడ్డువస్తాయి, ఒక్కొక్కటీ తన వంతు తిప్పికొడుతుంది. మొత్తం 10 శాతం దాటుతుంది.

మెరిసే గాజు తెర ఈ వెలుగును చెదరగొట్టకుండా అద్దంలా తిప్పి పంపుతుంది. కాబట్టి తెర ముందు ఏముందన్నదే ఇక్కడ కీలకం. ఎండలో తెల్ల చొక్కా వేసుకుని కూర్చుంటే ఆ చొక్కా వెలుగు సుమారు 25,000 నిట్లు. అందులో 4 శాతం అంటే 1,000 నిట్ల చొక్కా బొమ్మ తెర మీద పరుచుకుంటుంది. అదే చోట ముదురు నీలం లేదా నలుపు చొక్కా వేసుకుంటే ప్రతిబింబం 60, 70 నిట్లకు మించదు. నిర్మలమైన నీలాకాశం కొన్ని వేల నిట్లు ఉంటుంది కాబట్టి దాని ప్రతిబింబం వంద నుంచి మూడు వందల నిట్ల దాకా ఉండవచ్చు. ఎండ పడిన తెల్ల మబ్బులు ఇంకా ప్రకాశవంతమైనవి. ఎండ సోకిన సున్నపు గోడ మబ్బులతో సమానం.

మాట్ తెర మీద సన్నని గరుకుదనం ఉంటుంది. ప్రతిబింబం ఆకారాన్ని అది చెరిపేసి, ఆ వెలుగును చుట్టూ చల్లుతుంది. కిటికీ, దీపం, ముఖం వంటివి కనిపించకుండా పోతాయి కాబట్టి గదుల్లో, నీడల్లో మాట్ తెర హాయిగా ఉంటుంది. నేరుటెండ పడితే మాత్రం తెరంతా పాలిపోతుంది, ఏ కోణంలో తిప్పినా తప్పించుకోలేము. మెరిసే తెరను కాస్త తిప్పి ముదురు రంగు వస్తువు ప్రతిబింబించేలా పెడితే అక్షరాలు తేటపడతాయి. మాట్ తెర అన్ని విధాలా మేలన్న అభిప్రాయం ఎండలో సగమే నిజం.

కంటి పాత్ర

ఆరుబయట కంటిపాప 2 మిల్లీమీటర్ల దాకా ముడుచుకుంటుంది. చీకట్లో అది 7, 8 మిల్లీమీటర్లు ఉండగలదు. రెటీనా కూడా పరిసరాల వెలుగుకు తగ్గట్టు తన గ్రహణశక్తిని తగ్గించుకుంటుంది. ఎండలో మెరిసే నేల, గోడ, ఆకాశం చూపులో ఉన్నప్పుడు 300 నిట్ల తెర కంటికి నల్లని పలకలా తోస్తుంది. ఎండలోంచి ఇంట్లోకి అడుగుపెట్టిన మొదటి క్షణాల్లో గదంతా చీకటిగా అనిపించడానికి కూడా ఇదే కారణం.

బయటి వెలుగు కొంత కంటి లోపలే చెదిరి రెటీనా మీద పలచని పొరలా పరుచుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా శుక్లాలు మొదలైనవారిలో, ఈ చెదరడం ఎక్కువ. ఒకే తెర, ఒకే చోటు పాతికేళ్లవారికి బాగానే ఉండి అరవై ఏళ్లవారికి కష్టంగా ఉండటం సహజం. అంచు ఉన్న టోపీ గానీ, తలకు చుట్టుకున్న తువ్వాలును నుదుటి మీదికి లాక్కోవడం గానీ తెరను ఏమాత్రం మార్చదు, అయినా చదవడం సులువవుతుంది. ఆకాశపు వెలుగు కంట్లో పడకుండా అది ఆపుతుంది.

చరిత్ర

తొలితరం ఒడి కంప్యూటర్లకు ఎండ మిత్రుడే. వాటి ఎల్‌సీడీ తెరలకు వెనుక దీపం ఉండేది కాదు. బయటి వెలుగును తిప్పి పంపి, ద్రవస్ఫటికాలతో అక్కడక్కడ అడ్డుకుని అక్షరాలు చూపేవి. కాగితం మీది అచ్చు కనిపించేదీ ఇలాగే. కాగితం తన మీద పడిన వెలుగులో 80 శాతాన్ని, సిరా సుమారు 5 శాతాన్ని తిప్పి పంపుతాయి. దీపం కిందా, ఎండలోనూ ఆ నిష్పత్తి 16:1గానే ఉంటుంది. పరావర్తన తెరల్లో కాంట్రాస్ట్ కాగితానికి ఉన్నంత ఉండకపోయినా, బయటి వెలుగు పెరిగితే తగ్గిపోయే స్వభావం వాటిది కాదు.

ఎప్సన్ సంస్థ హెచ్‌ఎక్స్-20 యంత్రానికి 20 అక్షరాల వెడల్పున 4 వరుసల తెర పెట్టింది. 1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100కి 40 అక్షరాల వెడల్పున 8 వరుసల తెర ఉండేది. 4 చిన్న పెన్సిల్ బ్యాటరీలతో అది దాదాపు 20 గంటలు పనిచేసేది. వార్త జరిగినచోటే కూర్చుని రాసి, ఫోను లైను ద్వారా పంపడానికి అమెరికా పత్రికా విలేకరులు దాన్ని ఏళ్ల తరబడి వాడారు. 1989లో యాపిల్ తెచ్చిన మాకింటోష్ పోర్టబుల్ తెరకూ వెనుక దీపం లేదు. ఎండలో స్ఫుటంగా ఉన్న ఆ తెర మసక గదుల్లో కనిపించక ఇబ్బంది పెట్టింది. 1991లో దానికి బ్యాక్‌లైట్ చేర్చారు, ఆ మేరకు బ్యాటరీ నడిచే సమయం తగ్గింది.

తరువాత రంగుల తెరలు వచ్చాయి, వాటితో బ్యాక్‌లైట్ తప్పనిసరి అయింది. రంగుల ఎల్‌సీడీలో ప్రతి చుక్కనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలుగా విడగొడతారు. ఒకే తలంలో కంపించే వెలుగునే వదిలే పోలరైజర్ పొర వెలుగులో సగాన్ని మింగేస్తే, రంగు వడపోత మిగిలినదాంట్లో మూడో వంతును మాత్రమే వదులుతుంది. బ్యాక్‌లైట్ ఇచ్చిన వెలుగులో చివరికి బయటపడేది 5 నుంచి 7 శాతం. బయటి వెలుగునే తిప్పి పంపే తెరలో వెలుగు లోపలికి వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ఈ పొరలన్నీ దాటాలి. అందుకే పరావర్తన పద్ధతిలో నిండైన రంగులు సాధించడం కష్టమైంది. ల్యాప్‌టాప్ గదిలోని వస్తువుగా స్థిరపడి, ఎండలో చదవగలిగే గుణాన్ని పోగొట్టుకుంది.

బ్యాక్‌లైట్‌నూ పరావర్తన పద్ధతినీ కలిపే ప్రయత్నాలు 2000 దశకంలో గట్టిగా జరిగాయి. తోషిబా 2007లో తెచ్చిన పోర్టెజే ఆర్500 ల్యాప్‌టాప్‌కు ట్రాన్స్‌ఫ్లెక్టివ్ తెర ఉండేది. అది గదిలో బ్యాక్‌లైట్‌తో, ఎండలో బ్యాక్‌లైట్ ఆపి బయటి వెలుగుతో పనిచేసేది. అదే ఏడాది ఒన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్ సంస్థ పేద దేశాల బడిపిల్లల కోసం ఎక్స్ఓ-1ను ఉత్పత్తిలోకి తెచ్చింది. మేరీ లౌ జెప్సెన్ నాయకత్వంలో రూపొందిన దాని 7.5 అంగుళాల తెర గదిలో రంగుల్లో కనిపించేది. ఎండలో 1200×900 చుక్కల నలుపు తెలుపు తెరగా మారి, అచ్చు పుస్తకంలా చదవడానికి వీలయ్యేది. చెట్టు కింద నడిచే బడిని, కరెంటు లేని ఊరిని దృష్టిలో పెట్టుకుని తెర తయారుచేయడం అరుదైన ఆలోచన. మహారాష్ట్రలోని ఖైరాత్ గ్రామ పాఠశాలలో కూడా ఈ యంత్రాలను ప్రయోగాత్మకంగా వాడారు. జెప్సెన్ 2008లో పిక్సెల్ చీ అనే సంస్థ స్థాపించి ఈ తరహా తెరలను మామూలు యంత్రాలకు అందించే ప్రయత్నం చేశారు. భారతీయ సంస్థ నోషన్ ఇంక్ 2011లో పంపిణీ చేసిన ఆడమ్ ట్యాబ్లెట్ ఒక రకంలో ఆ తెర ఉంది. అయితే గదిలో మిలమిలలాడే రంగులకు అలవాటుపడిన విపణిలో అవి నిలదొక్కుకోలేదు.

ఎండను తట్టుకునే సాంకేతిక పద్ధతులు

బ్రైట్‌నెస్ పెంచడం. ఇది సూటి మార్గం. మినీ ఎల్ఈడీ బ్యాక్‌లైట్లు వచ్చాక 1,000 నిట్లు మామూలు ల్యాప్‌టాపులకూ సాధ్యమయ్యాయి. 2024 మాక్‌బుక్ ప్రోలో ఆరుబయట ఉన్నప్పుడు సాధారణ దృశ్యాలను కూడా 1,000 నిట్ల దాకా చూపే ఏర్పాటు చేశారు. ఎల్‌సీడీ తెరలో వెలుగు రెట్టింపు చేస్తే బ్యాక్‌లైట్ కరెంటు కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. కంటికి మాత్రం అది రెట్టింపు వెలుగుగా అనిపించదు. ఓఎల్ఈడీ తెరల ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకె సాధారణంగా తెరలో ఒక చిన్న భాగం కొద్దిసేపు చేరుకునే గరిష్ఠం. తెరంతా తెల్లగా ఉన్న పేజీకి అంత వెలుగు రాదు.

పరావర్తన నిరోధక పూత. గాజు మీద కాంతి తరంగదైర్ఘ్యంలో పావు వంతు మందంతో, సుమారు 100 నానోమీటర్ల పూత వేస్తే, పూత పై అంచు నుంచీ కింది అంచు నుంచీ తిరిగివచ్చే తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. జర్మనీలో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకులా 1935లో కటకాలకు ఈ పద్ధతిపై పేటెంట్ పొందారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్త కేథరిన్ బ్లాడ్జెట్ 1938లో సన్నని పొరలతో దాదాపు ప్రతిబింబమే లేని గాజును చూపారు. ఈనాటి బహుళ పొరల పూతలు 4 శాతం పరావర్తనాన్ని 1 శాతం కన్నా తక్కువకు దించుతాయి. మెరిసే తెరలో ప్రతిబింబానికి సంబంధించినంతవరకు ఇది బ్రైట్‌నెస్‌ను నాలుగింతలు చేసినంత ఫలితమిస్తుంది. అదనపు కరెంటేమీ ఖర్చు కాదు.

ఆప్టికల్ బాండింగ్. పై గాజుకూ ప్యానెల్‌కూ మధ్యనున్న గాలి పొరను గాజుతో సమానమైన వక్రీభవన గుణకం ఉన్న పారదర్శక జిగురుతో నింపుతారు. లోపలి రెండు పరావర్తనాలూ దాదాపు మాయమవుతాయి. దుమ్మూ తేమా లోపలికి పోకుండా ఉండటం, తెర దెబ్బకు తట్టుకోవడం అదనపు లాభాలు. పెట్రోలు బంకుల్లో, పడవల్లో వాడే తెరలకు ఈ పద్ధతి విరివిగా వాడతారు.

వృత్తాకార పోలరైజర్. ఓఎల్ఈడీ తెరల్లో వెలుగు పుట్టే పొర వెనుక లోహపు పలక ఉంటుంది. బయటి వెలుగు దాని మీద పడి మెరవకుండా ముందు ఒక పోలరైజర్‌నూ, పావు తరంగ ఫలకాన్నీ అమరుస్తారు. లోపలికి వెళ్లిన వెలుగు లోహం మీద పడి తిరిగివచ్చేసరికి దాని పోలరైజేషన్ మారి, అదే పోలరైజర్ దగ్గర ఆగిపోతుంది.

ఎలక్ట్రానిక్ కాగితం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధనల నుంచి 1997లో పుట్టిన ఈ-ఇంక్ అనే సంస్థ తెరల్లో, నలుపు తెలుపు రేణువులు విద్యుత్ క్షేత్రంలో పైకీ కిందికీ కదులుతాయి. ఎండ ఎంత పెరిగితే తెర అంత తేటగా కనిపిస్తుంది. బొమ్మ మారేటప్పుడే కరెంటు కావాలి. తెర నెమ్మదిగా మారడం, పాత అక్షరాల జాడ మిగలడం దీని లోపాలు. కిండిల్ వంటి పఠన పరికరాల్లో స్థిరపడిన ఈ తెరను లెనొవో 2020 థింక్‌బుక్ ప్లస్ ల్యాప్‌టాప్ మూతపై అమర్చింది. కంప్యూటర్‌కు తగిలించుకునే ఈ-పేపర్ మానిటర్లు కూడా దొరుకుతున్నాయి. రాతపని, చదువు, కోడింగ్ వంటివాటికి ఇవి సరిపోతాయి, వీడియోలకు పనికిరావు.

సైనిక ప్రమాణాలు. యుద్ధ విమానాల కాక్‌పిట్ తెరలను 10,000 ఫుట్‌క్యాండిళ్ల వెలుగులో, అంటే సుమారు 1,08,000 లక్సుల్లో పరీక్షించే పద్ధతిని అమెరికా సైన్యం రూపొందించుకుంది. సాధారణ ల్యాప్‌టాపుల మీద రాసే ‘ఎండలో చదవగలిగే తెర’ అన్న మాటకు అందరూ పాటించే అలాంటి ఒక్క ప్రమాణమేదీ లేదు.

చలువ కళ్లద్దాలతో చిక్కు

ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగు ఒకే తలంలో కంపిస్తుంది. నేల నుంచీ నీటి నుంచీ వచ్చే మెరుపును ఆపే పోలరైజ్డ్ కళ్లద్దాలు నిలువుగా కంపించే వెలుగునే లోనికి వదులుతాయి. ఈ రెండింటి దిశలూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటే తెర సగం మసకబారుతుంది, ఒక్కోసారి పూర్తిగా నల్లబడుతుంది. తల పక్కకు వంచగానే తెర మళ్లీ కనిపిస్తే కారణం ఇదేనని తేల్చుకోవచ్చు. కొన్ని తెరలకు పైన ప్రత్యేక పొర వేసి ఏ కోణంలోనైనా కనిపించేలా చేస్తారు. అది లేనప్పుడు మామూలు రంగు కళ్లద్దాలే నయం. అయితే అవి తెర వెలుగునూ పరిసరాల వెలుగునూ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తాయి. తెర కాంట్రాస్ట్ పెరగదు, కళ్లకు శ్రమ మాత్రం తగ్గుతుంది.

వేడి

నడి ఎండలో చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. 14 అంగుళాల తెరకు సూటిగా ఎండ తగిలితే ఆ తెర మీదనే 50 వాట్లకు పైగా పడుతుంది. సన్నని ల్యాప్‌టాపుల ప్రాసెసర్ సాధారణంగా వాడుకునే 15 నుంచి 28 వాట్ల కన్నా ఇది ఎక్కువ. ముదురు రంగు తెర ఇందులో అధిక భాగాన్ని వేడిగా మార్చుకుంటుంది. ఫ్యాన్ల హోరు పెరుగుతుంది, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, కొన్ని యంత్రాలు తెర వెలుగును కూడా తమంతట తామే తగ్గిస్తాయి. ఎండలో వెలుగు ఎక్కువ కావలసిన సమయంలోనే అది తగ్గడం నీడను ఎంచుకోవడానికి మరో కారణం.

యాపిల్ తన ల్యాప్‌టాపులను 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వాతావరణంలో వాడమంటుంది. రెంటచింతల, రామగుండం వంటిచోట్ల మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు నమోదవుతుంటాయి. రోహిణి కార్తెలో ఆరుబయట పని తప్పనివారు తెల్లవారుజామునో, సాయంత్రం నీరెండలోనో ల్యాప్‌టాప్ పని పెట్టుకోవడం యంత్రానికీ మనిషికీ మంచిది. మామూలు ఎల్‌సీడీలోని ద్రవస్ఫటికాలు ఒక హద్దు దాటి వేడెక్కితే తమ అమరిక కోల్పోతాయి, తెర మీద నల్లని మచ్చలు కనిపిస్తాయి. చల్లబడ్డాక అవి చాలావరకు పోతాయి. లిథియం బ్యాటరీకి జరిగే నష్టం మాత్రం శాశ్వతం. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టకూడదు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు కాబట్టి అందులో ల్యాప్‌టాప్ వదిలి వెళ్లకూడదు. కోస్తా ఊళ్ల ఉక్కపోతలో ఏసీ గది నుంచి చల్లని యంత్రాన్ని బయటికి తెస్తే తెర మీదా, లోపలా తేమ చేరుతుంది. సంచిలోనే కాసేపు ఉంచి తీయాలి.

చోటు, దిశ, వాలు

తెర ఏ దృశ్యానికి ఎదురుగా ఉందో ఆ దృశ్యమే ప్రతిబింబిస్తుంది. చోటు ఎంచుకునే ముందు తెర స్థానంలో ముఖం పెట్టి చూస్తే సరిపోతుంది. ఎదురుగా ఆకాశమూ, తెల్లగోడా, ఎండపడిన నేలా కనిపిస్తే అది తగిన చోటు కాదు. ముదురు రంగు గోడ, దట్టమైన చెట్టు, చీకటిగా ఉన్న గది గుమ్మం కనిపిస్తే మంచి చోటు.

- సూర్యుడు వీపు వెనుక ఉంటే ఎండ నేరుగా తెర మీద పడుతుంది. ముఖానికి ఎదురుగా ఉంటే తెర నీడలో ఉంటుంది గానీ కళ్లు చెదురుతాయి, ఒంటి మీది బట్టలు తెరలో మెరుస్తాయి. సూర్యుడు ఒక పక్కన ఉండేలా కూర్చోవడం మధ్యేమార్గం.
- వసారాలో గోడకు వీపు ఆనించి కూర్చుంటే తెరలో గోడ ప్రతిబింబిస్తుంది. గోడ ముదురు రంగుదైతే ఇంకా మేలు. ఎదురుగా ఎండపడిన వాకిలి ఉంటే కాస్త పక్కకు తిరగాలి.
- తెరను వెనక్కి వాల్చేకొద్దీ ఆకాశం ప్రతిబింబిస్తుంది. నిటారుగా తెచ్చేకొద్దీ ప్రతిబింబం చూసేవారి ఛాతీ మీదికి దిగుతుంది. అందువల్ల తెర కాస్త నిటారుగా ఉండాలి, వేసుకున్న చొక్కా ముదురుగా ఉండాలి.
- పలచని ఆకుల చెట్టు కింద ఎండ మచ్చలు తెర మీద కదులుతూ చదువును చెడగొడతాయి. మర్రి, మామిడి, వేప వంటి చిక్కని నీడ కావాలి.
- తెల్ల గొడుగు వెలుగును లోపలికి వదులుతుంది. నల్ల గొడుగు నయం.

సినిమా అవుట్‌డోర్ షూటింగుల్లో మానిటర్ చుట్టూ నల్ల గుడ్డతో చిన్న గుడారం వేస్తారు. ఫొటోగ్రాఫర్ల కోసం మడతపెట్టే ల్యాప్‌టాప్ హుడ్‌లు దొరుకుతాయి. లోపల నల్ల గుడ్డ అంటించిన అట్టపెట్టెతోనూ అదే పని జరుగుతుంది. తెరకు మూడు వైపులా, పైనా నీడ వస్తే 300 నిట్ల తెర కూడా మిట్టమధ్యాహ్నం పనికొస్తుంది. యంత్రం గాలిరంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

సెట్టింగులు

ఆరుబయట తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు మేలు. నల్లని నేపథ్యం మీద ప్రతిబింబాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, డార్క్ మోడ్ తీసేయాలి. అక్షరాల సైజు పెంచి, మందమైన ఫాంట్ ఎంచుకోవాలి. తెలుగు లిపిలో ఒత్తులూ గుణింతాల గీతలూ సన్నగా ఉంటాయి కాబట్టి తక్కువ కాంట్రాస్ట్‌లో ముందు చెరిగిపోయేవి అవే. తెలుగులో చదివేవారు, రాసేవారు పేజీని ఇంకొంత పెద్దది చేసుకోవడం అవసరం. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని హై కాంట్రాస్ట్ థీమ్ పలచని బూడిద రంగు అక్షరాలను ముదురుగా మారుస్తుంది. బ్యాటరీ పొదుపు మోడ్ బ్రైట్‌నెస్‌ను తగ్గిస్తోందేమో చూసుకోవాలి. రాత్రిళ్లు వాడే పసుపు రంగు ఫిల్టర్‌ను పగలు ఆపేయాలి. తెర మీది వేలిముద్రలూ దుమ్మూ ఎండలో తామే వెలుగును చెదరగొడతాయి. మెత్తని గుడ్డతో తుడిస్తే కాంట్రాస్ట్ వెంటనే మెరుగవుతుంది.

ఎవరికి అవసరం

భూమి కొలిచేవారు, విద్యుత్ లైన్ల సిబ్బంది, భవన నిర్మాణ ఇంజనీర్లు, పురావస్తు తవ్వకాల బృందాలు, అటవీ సిబ్బంది, మైదానంలో ఆటగాళ్ల కదలికలను విశ్లేషించే కోచ్‌లు, ఊరూరా తిరిగే విలేకరులు ఎండలోనే తెర చూడవలసినవారు. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన స్వామిత్వ పథకంలో గ్రామ నివాస ప్రాంతాలను డ్రోన్లతో కొలిచారు. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలై, డ్రోన్లూ, రోవర్లనే కొలత పరికరాలూ పొలాల్లోకి వచ్చాయి. గట్టు మీద నిలబడి తెరలో సరిహద్దు గీత చూసే ఉద్యోగికి అది స్పష్టంగా కనిపించడం రైతు హక్కుకు సంబంధించిన విషయం. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో రైతుల వివరాలు, తూకాలు నమోదు చేసేవారి సంగతీ ఇంతే. తెర కనబడక ఒక అంకె తప్పు పడితే నష్టపోయేది ఎదురుగా నిలబడ్డ మనిషి. ఇలాంటి పనులకు యంత్రాలు కొనే కార్యాలయాలు ప్రాసెసర్, మెమరీలతో పాటు తెర నిట్లను కూడా షరతుల్లో రాయాలి, పని జరిగేచోట ఒక పందిరి కూడా వేయించాలి.

కొనేటప్పుడు

నీడలో అప్పుడప్పుడు వాడేవారికి 400 నిట్ల మాట్ తెర, లేదా మంచి పరావర్తన నిరోధక పూత ఉన్న తెర సరిపోతుంది. రోజూ బయట పనిచేసేవారు 500 నిట్లకు తగ్గకూడదు. నీడ దొరకని వృత్తులకు 1,000 నిట్లు దాటిన, ఆప్టికల్ బాండింగ్ చేసిన దృఢ ల్యాప్‌టాపులు అవసరం. ప్యానసోనిక్ టఫ్‌బుక్ 40 వంటివి 1,200 నిట్ల దాకా ఇస్తాయి, ధరా బరువూ కూడా ఎక్కువే. ప్రకటనలో ఉన్న నిట్లు తెరంతటికీ వర్తించేవా, చిన్న భాగానికి వచ్చే గరిష్ఠమా అని అడగాలి. ఎల్‌సీడీల్లో చౌకైన టీఎన్ రకం ప్యానెళ్లు కోణం మారితే పాలిపోతాయి కాబట్టి ఐపీఎస్ రకం ప్యానెల్ ఎంచుకోవాలి. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష, యంత్రాన్ని దుకాణం గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో ఒక తెలుగు పేజీ చదివి చూడటం.

ప్రస్తుత స్థితి

ఇటీవలి సంవత్సరాల్లో ఈ దిశలో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. ఒకటి, మినీ ఎల్ఈడీ, ఓఎల్ఈడీ తెరల వెలుగు ఏటేటా పెరగడం, దానికి తోడు మెరుగైన పూతలు రావడం. రెండోది, పరావర్తన తెరలను మళ్లీ తీసుకురావడం. 2024లో డేలైట్ అనే అమెరికా సంస్థ సెకనుకు 60 సార్లు మారే నలుపు తెలుపు పరావర్తన ఎల్‌సీడీతో ట్యాబ్లెట్ తెచ్చింది. వేగంగా మారే, నిండైన రంగులు చూపే, ఎండలో కాగితంలా చదవగలిగే తెర మాత్రం ఇంకా సామాన్యుల ధరలో ల్యాప్‌టాప్‌కు రాలేదు. ఈ లోపు ఉన్న యంత్రంతోనే బయట పని చేయవలసినవారికి చిక్కని నీడ, ముదురు చొక్కా, నిటారు తెర, పెద్ద అక్షరాలు చాలావరకు సరిపోతాయి. వీటికి డబ్బు ఖర్చు లేదు, ఏ ల్యాప్‌టాప్‌తోనైనా పనిచేస్తాయి.